జాతకం వెనక చుక్క

జూన్ 8, 2025. ఆదివారం

బి.పి. 150/90.

రోజూ రాసి పెట్టుకోమని డాక్టరు చెప్పాడు. చీరలకొట్టు వాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. జనవరి నుంచి నిన్నటిదాకా అంకెలే ఉన్నాయి. ఇవాళ అంకె దగ్గర ఆగబుద్ధి కావడం లేదు.

మనవాళ్ళ సంఘం హాల్లో ఎవరి ఫోన్‌లోనో ఒక ఫోటో వచ్చిందట. మైలాపూరులో ఏదో ఫ్లాటు బాల్కనీ. మా తమ్ముడి కూతురు అక్షయ బట్టలు ఆరేస్తోంది. పక్కన నిక్కరు వేసుకున్న కుర్రాడు పళ్ళు తోముకుంటున్నాడు. నలభైమంది చేతులు మారి ఆ ఫోన్ మా తమ్ముడు వెంకట్రామ్ దగ్గరికొచ్చింది. వాడే సంఘం సెక్రటరీ. ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా పడుకున్నాడు. ఇడ్లీలు అట్లాగే ఉన్నాయి.

లేడీస్ హాస్టల్ అని చెప్పిందిగదక్కా, రెండేండ్లుగా మనల్ని ఎర్రోళ్ళని చేసిందిగదక్కా అని ఒకటే పాట. మా మరదలు వంటింట్లో ఏడుస్తోంది. నాకు పిల్లల్లేరు. అక్షయని పెంచిన చేతులు నావి. కోపం నాకు రాదా? వచ్చింది. బాగా వచ్చింది.

కానీ ఆ ఫోటో నేనూ చూశాను. ఆ కుర్రాడు ఒక చేత్తో పళ్ళు తోముకుంటూ రెండో చేత్తో అక్షయకి క్లిప్పులు అందిస్తున్నాడు. అంతమందిలో ఎవరూ అది చూసినట్టు లేరు. మా ఆయన మంచివాడే, పోయి ఆరేళ్ళయింది. కాపురం చేసినన్నాళ్ళూ నాకొక్క క్లిప్పు అందించిన పాపాన పోలేదు.

జూన్ 9

160/94. వెంకట్రామ్ ఫోన్‌లో తెలుగులో అరిచాడు. అక్షయ అరవంలో అరిచింది. ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు, అదొక్కటే నయం.

జూన్ 12

మధ్యాహ్నం వెంకట్రామ్ తగరపు పెట్టె మోసుకుని నా మేడమీదికి వచ్చాడు. ఎన్నేళ్ళయిందో దాన్ని చూసి. మూత తెరవగానే పసుపు వాసన, పాత కాగితం వాసన. నాయన పక్కనొచ్చి కూర్చున్నట్టే అనిపించింది.

మా నాయన పరంధామయ్య ముప్ఫై ఏళ్ళు సంఘంలో జాతకాలు చూసుకున్నాడు. వాషర్‌మెన్‌పేట్‌లో మనవాళ్ళ ఇంట ఏ బిడ్డ పుట్టినా జాతకం కాపీ ఒకటి ఈ పెట్టెలోకి రావాలి. నాలుగు మూలలా పసుపు రాసి మరీ ఇచ్చేవాళ్ళు. సంబంధం వెతికేవాళ్ళు ఆదివారం పొద్దున హాలుకి వచ్చి, కావలసిన కాగితం తీసి, గళ్ళు చూసేవారు. ఆ తర్వాత కాగితం తిరగేసేవారు. వెనక వైపు కింది మూలన చిన్న సిరాచుక్క ఉంటే మడిచి మళ్ళీ లోపల పెట్టేసేవారు. జాతకం కుదరలేదండీ అనేవారు. అంతే. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆ పిల్ల ఎవరితోనో తిరిగిందని గానీ, ఎవరో చూశారని గానీ ఎవరి నోటా రాలేదు. చుక్క సంగతి పెద్దవాళ్ళకి తెలుసు, పిల్ల కన్నతల్లికి తెలియదు. నాయన దాన్ని మర్యాద అనేవాడు.

మగపిల్లల కాగితాల వెనక చుక్క ఉండగా నేను చూడలేదు. అది వేరే సంగతి. కాదు, అదే సంగతి.

ఇప్పుడు వెంకట్రామ్ ఇవన్నీ కంప్యూటర్లో ఎక్కిస్తున్నాడు. రిమార్క్స్ అని ఒక కాలమ్ కూడా పెట్టాడు. సగం కాగితాలు నా చేతిరాతవి కాబట్టి చదివి పెట్టమన్నాడు. ఆ తర్వాత అసలు మాట చెప్పాడు. జూలై ఇరవైన జనరల్ బాడీ. ఆ రోజు అందరి ముందరా అక్షయ జాతకం వెనక తనే చుక్క పెడతాడట. ఊరి పిల్లలకొక న్యాయం, నా బిడ్డకొక న్యాయమా, పరంధామయ్య కొడుకు అట్టాంటోడు కాదక్కా అన్నాడు. నీకు మెంటలేమిరా అన్నాను. చుమ్మా ఉండక్కా అని నా నోరు మూయించాడు.

వీడు చిన్నప్పటినుంచీ ఇంతే. మంచివాడనిపించుకోవాలంటే ముందు ఇంట్లోవాళ్ళ మీద కత్తి పెడతాడు.

జూన్ 13. పొద్దున 5 గంటలు

హైమవతి కాగితం దొరికింది. రాత నాదే. చుక్కా నాదే.

జూన్ 15. ఆదివారం

ఇది ఎవరికీ చెప్పలేదు. ఆయనకి కూడా. డైరీకి చెప్పడం చెప్పడం కిందికి వస్తుందో రాదో తెలియదు.

1982. నాకూ హైమకీ ఇరవై రెండేళ్ళు. ఇద్దరం టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళేవాళ్ళం. శనివారం క్లాసు ఎగ్గొట్టి వాషర్‌మెన్‌పేట్‌లో లోకల్ రైలెక్కి బీచ్ స్టేషన్‌లో దిగేవాళ్ళం. అక్కణ్ణుంచి బస్సులో మెరీనా. ఎంత గాలి! జడలు మొహానికి కొట్టుకునేవి. అక్కడ కన్నియప్పన్ కాచుకుని ఉండేవాడు. హార్బరులో గుమస్తా. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. అందులో ఒకటి నాకిచ్చాడు. ఆ పెన్నుతోనే నేను జాతకాలు కాపీ చేసేదాన్ని.

అవును. కన్నియప్పన్ నావాడు. హైమ నాకు తోడొచ్చేది.

మా ఇద్దరికీ కాస్త దూరంగా, వీపు ఇటు తిప్పి, చెప్పులకి కాపలా కూర్చునేది. చేతిలో వారపత్రిక ఉండేది. సుండల్, అదే గుగ్గిళ్ళ పొట్లాలు మూడు కొని మాకు రెండు దాచేది, ఒక్కోసారి రెండోదీ తినేసేది. ఇంకెంతసేపుమే సీతా, నా పత్రిక రెండుసార్లు అయిపొయ్యింది అని అరిచేది. కన్నియప్పన్ నా చెయ్యి పట్టుకున్నది మొత్తం మీద రెండుసార్లు. ఇప్పటి పిల్లలు వింటే జాలిపడతారు. నాకు మాత్రం ఆ రెండూ ఏ ఏ శనివారాలో గుర్తే.

ఒకరోజు నేను పాదాలు తడుపుకొస్తానని అలల దగ్గరికి వెళ్ళాను. నా చెప్పులు కన్నియప్పన్ చేతిలో ఉన్నాయి. హైమ వాడి పక్కన నిలబడి ఏదో అని నవ్వుతోంది. సరిగ్గా అప్పుడే సంఘం ట్రెజరర్ కారు ఆ రోడ్డున వెళ్ళింది. వాళ్ళకి కనిపించింది హైమ, ఒక అరవబ్బాయి, వాడి చేతిలో ఆడపిల్ల చెప్పులు. నేను కనపళ్ళేదు.

ఆ సాయంత్రం నాయన హైమనీ వాళ్ళమ్మనీ మా ఇంటికి పిలిపించాడు. ఎవరా మనిషి అని అడిగాడు. నేను తలుపు వెనక ఉన్నాను. తోడొచ్చానండీ అని ఒక్క ముక్క అంటే హైమ బయటపడేది. అనలేదు. తలుపు వైపు చూసింది. నేను వస్తాననుకుంది. ఎంతసేపు చూసిందో! నేను వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలిపాను. ముగ్గురికీ తెచ్చి ఇచ్చాను. హైమ నా చేతి కాఫీ తీసుకుని తాగింది. గ్లాసు కింద పెట్టి వాళ్ళమ్మ వెనకాల వెళ్ళిపోయింది.

నాలుగు నెలల్లో నా పెళ్ళయింది. కన్నియప్పన్‌కి ఇక రావద్దని చీటీ పంపాను. రాలేదు, మర్యాదస్తుడు. నాయన పెట్టిన చుక్కతో హైమ జాతకం మాత్రం ఎవరు తీసినా మళ్ళీ పెట్టెలోకే వచ్చేది. కుదరలేదండీ, కుదరలేదండీ. వాళ్ళమ్మ నవగ్రహాల చుట్టూ తిరిగి తిరిగి కాళ్ళు వాచగొట్టుకుంది.

ఇంకా ఉంది. అదీ రాసేస్తాను. 1985లో హైమ కాగితం మడతల దగ్గర చిరిగిపోయింది. నాయన కొత్తది రాసి పెట్టమని నాకిచ్చాడు. ముందు వైపు గళ్ళు గీశాను, గ్రహాలు వేశాను. కాగితం తిప్పాను. చుక్క వదిలేసి ఉంటే సరిపోయేది. నాయన చూసేవాడో లేదో. చూస్తే ఎందుకు వదిలావని అడిగేవాడు, అప్పుడు నేనేం చెప్పను? పెట్టాను. కన్నియప్పన్ ఇచ్చిన పెన్నుతో. పెట్టమని నాకెవరూ చెప్పలేదు.

జూన్ 16

బి.పి. చూసుకోలేదు.

జూన్ 21. శనివారం

ఎవరికీ చెప్పకుండా మైలాపూరు వెళ్ళాను. అదే వాషర్‌మెన్‌పేట్ స్టేషన్, అదే బీచ్ స్టేషన్. అక్కడ రైలు మారి తిరుమయిలై అనే మైలాపూరు స్టేషన్‌లో దిగాను. దారిలో మేడల సందులోంచి సముద్రం ఒక్క క్షణం కనపడింది. పక్క సీట్లో ఇద్దరు ఆడపిల్లలు ఒకే ఇయర్‌ఫోన్ చెరో చెవిలో పెట్టుకుని నవ్వుకుంటున్నారు. వాళ్ళవైపు చూడలేక కిటికీ వైపు తిరిగాను.

తలుపు తీసింది ఆ కుర్రాడే. పేరు సాయి తేజ, విజయవాడ. రండి రండి అత్తయ్యగారూ, చెప్తే స్టేషన్‌కి వచ్చేవాణ్ణి కదండీ అన్నాడు. ఎవడికిరా నేను అత్తయ్యని అనబోయి ఊరుకున్నాను. అల్లం కోరి టీ పెట్టాడు. టీ బాగుంది, అబద్ధమెందుకు. ఇంట్లో ఉన్నది ఒకటే పడకగది. నేను హాల్లోనే, ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చున్నాను.

అక్షయకి చుక్క సంగతి చెప్పాను. పొలమారేదాకా నవ్వింది. విడు అత్తా, ఆ పెట్టెలో పెళ్ళికొడుకుని ఎవరు వెతుక్కుంటారు ఈడ, పది చుక్కలు పెట్టుకోమను అంది. ఆ తర్వాత నవ్వాపేసింది. అందరి ముందర అప్పా తన చేత్తో పెడతాడా అని రెండుసార్లు అడిగింది. తల వంచుకుని కప్పు అంచు గోటితో గీకుతూ కూర్చుంది. చిన్నప్పుడు తిట్లు పడ్డప్పుడు కూడా అంతే.

పెళ్ళి చేసుకుంటారా అని అడిగాను. చేసుకోవచ్చు, చేసుకోకపోవచ్చు అంది. ఆ మాటకి కుర్రాడు టీ కప్పులోకి చూశాడు. వాడికి చేసుకోవాలనే ఉంది, నాకు అర్థమైంది. రేపు వీడు వదిలేసి పోతే నీ గతేమిటే అన్నాను. ఏడుస్తాను అత్తా, ఆనెక ఆఫీసుకి పోతాను అంది.

అంత తేలిగ్గా! నాకు ఒళ్ళు మండింది. దానికి బుద్ధి చెప్పాలని కాదు. అసూయ. హైమ బతుకంతా తినేసిన ఆ చుక్క దీనికి చొక్కా మీద టీ మరకపాటి కూడా కాదు. కాలం మారింది, మంచిదే. మారక ముందు ఇరుక్కున్నవాళ్ళకి ఎవరు జవాబు చెబుతారు?

ఆ చుక్కవల్ల నిజంగా ఎవరైనా చెడిపొయ్యినారా అత్తా అని అడిగింది వచ్చేముందు. తెలీదే అన్నాను. మళ్ళీ అదే పని చేశాను.

జూన్ 28. శనివారం

తొండియార్‌పేట. హైమ ఇల్లు.

ఒక తెలుగు బళ్ళో టీచరుగా చేసి రిటైరైంది. ఒంటరిగా ఉంటుంది. నలభైమూడేళ్ళుగా ఎవరి పెళ్ళిలోనో ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నావా అనుకున్నాం, అంతే. ఈ ఇంటి గడప నేను తొక్కడం ఇదే మొదలు. రెండు మైళ్ళు కూడా ఉండదు మా ఇద్దరి మధ్య.

కాగితం ఆమె ముందు పెట్టాను. కళ్ళజోడు తెచ్చుకుంది. తిరగేసి చూసింది. దీనికోసం ఇంత దూరం వచ్చినావా, ఇది నాకు తెలుసుగదమే అంది. వాళ్ళమ్మ ఒకసారి జ్యోతిష్కుడికి చూపించాలని ఈ కాగితం అడిగి తీసుకెళ్ళిందట. ఆ రోజు చూసిందట. నీ చేతిరాత నాకు తెలీదా, ఆ పెన్ను నాకు తెలీదా అంది.

ఏడ్చాను. ఏడవబాక, నువ్వేడిస్తే నేను ఓదార్చాల, ఆ ఓపిక నాకు లేదు అంది. ఒక సంవత్సరం పాటు ప్రతి శనివారం క్లాసు టయానికి తలుపు తీసి కూర్చునేదట, నేను వస్తానని. ఆ తర్వాత మూసేసిందట. అవన్నీ మామూలుగానే చెప్పింది. ఒక్కసారే గొంతు లేచింది. చుక్క పెట్టినావు, భయపడినావు, సెరి. ఆ పొద్దు కాఫీ ఎట్టా ఇయ్యబుద్దయిందిమే నీకు అంది.

కాగితం మళ్ళీ మడిచాను.

ఆ తర్వాత ఇంకోటి చెప్పింది. ఆమె బళ్ళో లెక్కల మాస్టారు కోదండరాం. పెళ్ళయినవాడు, ఇద్దరు పిల్లలు. పన్నెండేళ్ళు. గురువారం గురువారం వచ్చేవాడట. ఛీ అన్నాను. నోరు జారింది. హైమ పకపకా నవ్వింది, అచ్చం బీచ్‌లో నవ్వినట్టే. చుక్క పడిన ఆడదాన్ని కాపలా కాసేదెవురుమే, మీ నాయన పుణ్యమా అని నన్ను అందరూ ఇడిచిపెట్టేసినారు అంది. నవ్వు ఎంతోసేపు లేదు. మాస్టారు పోయి మూడేళ్ళయింది. స్టాఫు వరసలో నిలబడి తనూ ఒక దండ వేసి వచ్చేసిందట. మాస్టారి భార్య తల ఎత్తి ఒక్కసారి చూసిందట, అంతే. ఇప్పుడావిడ మంచంలో ఉంది. ఒకసారి వచ్చి పొమ్మని హైమకి కబురు పంపింది. రెండు నెలలైంది. హైమకి కాళ్ళు రావడం లేదు.

ఇంటికి నడిచే వచ్చాను. తప్పు కాదా అది? ఆ ఇల్లాలి వైపునుంచి చూస్తే ముమ్మాటికీ తప్పే. ఏ గురువారం భర్త ఎక్కడున్నాడో ఆవిడకి తెలిసే ఉంటుంది, పాపం. పెళ్ళీడులో హైమకి ఒక సంబంధం కుదిరి ఉంటే ఇదంతా జరిగేదా? నీతి కాపాడాలని చుక్క పెట్టాం. ఏం కాపాడాం?

జూలై 6

హైమకి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

జూలై 13

ఎత్తలేదు. వెంకట్రామ్ కొత్త పెన్ను కొన్నాడు.

జూలై 20. ఆదివారం

జనరల్ బాడీ నుంచి ఇప్పుడే వచ్చాను.

హాలు నిండా జనం. నేను ఆడవాళ్ళ వరసలో చివర. వెంకట్రామ్ లేచి, మైకు సరిచేసుకుని, నాయన పేరు చెప్పి మొదలుపెట్టాడు. పెట్టెలోంచి అక్షయ కాగితం తీసి తిరగేశాడు. పెన్ను మూత తీశాడు. పెన్ను కాగితానికి ఆన్చలేక నిలబడిపోయాడు. తండ్రే కదా.

నేను లేచాను. ఎప్పుడు నడిచానో గుర్తు లేదు, వేదిక మీదున్నాను. వాడి చేతిలో పెన్ను లాక్కున్నాను. పెట్టెలో నా కాగితం వెతికాను. నాలుగు మూలలా పసుపు ఇంకా పచ్చగా ఉంది. వెనక వైపు తెల్లగా, శుభ్రంగా ఉంది. ఎనభై రెండులో బీచ్‌లో ఆ మనిషి నా మనిషి, హైమవతి నాకు తోడొచ్చింది, అంతే అన్నాను. ఆమె కాగితం మీద చుక్క కూడా నేనే తిరగరాశాను అన్నాను. చెప్పి నా కాగితం వెనక చుక్క పెట్టాను. గట్టిగా ఒత్తానేమో, సిరా ఇవతలికి దిగింది.

ముందు వరసలో పెద్దాయన ఒకరు, ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ అన్నాడు. ఇంకెవరో, ఈ వయసులో సిగ్గు లేదా అన్నారు. వెంకట్రామ్ నన్ను చూడకుండా, కూర్చో అక్కా అన్నాడు. కూర్చున్నాను. వాడు మళ్ళీ అక్షయ కాగితం ఎత్తలేదు. మనసు మారి కాదేమో. పెన్ను నా చేతిలోనే ఉండిపోయింది.

జూలై 21

168/100. నిజం చెబితే గుండె తేలికవుతుందని ఎవరన్నారో!

జూలై 24

వెంకట్రామ్ మాట్లాడడం మానేశాడు. మరదలు పళ్ళెం మెట్ల మీద పెట్టి పోతోంది.

సాయంత్రం అక్షయ వచ్చింది, కుర్రాణ్ణి వెంటబెట్టుకుని. కింద తలుపు తీయలేదు. నేరుగా నా మేడమీదికి వచ్చారు. అక్షయ నా ఒళ్ళో తల పెట్టుకుని, ఎందుకత్తా ఇన్నాళ్ళు చెప్పలా అంది. వాన చినుకులు మొదలయ్యాయి. సాయి తేజ గబగబా వెళ్ళి దండెం మీద బట్టలన్నీ తీశాడు. నా చీరలు కూడా. కొసలు కలిపి మడతలు పెట్టాడు. వాకిట్లోంచి వెంకట్రామ్ తలెత్తి చూస్తున్నాడు. అయిపోయిందిరా ఇవాళ అనుకున్నాను.

కాసేపటికి మరదలు పైకి వచ్చింది. పళ్ళెంలో మూడు గ్లాసుల కాఫీ. ఆయనే పంపమన్నాడు అంది. నేను మాత్రం తాగలేకపోయాను.

జూలై 26. శనివారం

టైపు క్లాసు టయానికి ఫోన్ మోగింది. హైమ.

సంఘంలో నేనన్నది ఆమె దాకా చేరింది. దాని గురించి ఒక్క మాట లేదు. గురువారం పొద్దున మాస్టారింటికి పోదామనుకుంటున్నా, ఒక్కదానికి కాళ్ళాడవు, వస్తావా అంది. వస్తానన్నాను. చెప్పులు గట్టివి వేసుకో, ఆడ వీధంతా తవ్విపెట్టినారు అంది.

జూలై 31. గురువారం

మాస్టారి ఇల్లు. హైమ లోపలికి వెళ్ళింది. గది తలుపు దగ్గరగా వేశారు. నేను వాకిట్లో, ఆమె చెప్పుల పక్కన కూర్చున్నాను.

కోడలు వచ్చి, కాఫీ తాగుతారా అంది. వద్దన్నాను. మీరెవరండీ అని అడిగింది.

తోడొచ్చానమ్మా అన్నాను.